32 కోట్ల డాలర్లు దాటిన జీతాల పట్టీ, 83 గెలుపులు: మెట్స్ ఎందుకిలా అయింది?

సెవెన్ ట్రైన్ | 28 సెప్టెంబర్ 2025

అయిపోయింది. మయామీలో 4–0తో ఓడి మన న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ సీజన్ ముగిసింది.

మ్యాచ్ చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఈరోజు మిల్వాకీలో సిన్సినాటి రెడ్స్ ఓడిపోయింది. అంటే మయామీ జట్టు మార్లిన్స్ మీద మనం గెలిస్తే చాలు, ప్లేఆఫ్స్‌లో ఉండేవాళ్లం. అదీ చేతకాలేదు. రెండు జట్లూ 83–79 దగ్గర ఆగాయి. ముఖాముఖి మ్యాచుల్లో రెడ్స్‌దే పైచేయి కాబట్టి వాళ్లు లోపలికి, మనం ఇంటికి.

ఐదో ఇన్నింగ్స్ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మూడు బేస్‌ల మీదా మన రన్నర్లు ఉన్నారు, ఇద్దరు అవుట్, బ్యాట్ పట్టుకుని పీట్ అలాన్సో. గంటకు 116 మైళ్లకు దగ్గర వేగంతో లెఫ్ట్ ఫీల్డ్ వైపు కొట్టాడు. బంతి బ్యాట్‌కి తగిలిన చప్పుడు వినగానే సోఫాలోంచి లేచాను. అది నేరుగా ఫీల్డర్ గ్లవ్‌లోకి వెళ్లింది. నాలుగడుగులు అటో ఇటో పడి ఉంటే కనీసం రెండు పరుగులు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మన లిండోర్ కొట్టిన బంతి డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్) అయింది. సీజన్ ముగిసింది.

జూన్ 12న మన రికార్డ్ 45–24. ఆ రోజుకి మొత్తం మేజర్ లీగ్‌లో మనదే మొదటి స్థానం. ఆ తర్వాత 38–55. గెలిచేది ఎలాగో తెలిసిన జట్టే మూడున్నర నెలలపాటు ఇంతగా జారిపోతే దాన్ని దురదృష్టం అనలేం. ఎక్కడ చెడిందో మాట్లాడుకుందాం. దయచేసి తిట్లు వద్దు, కారణాలు చెప్పండి.

ఎడిసన్ లెక్కలు | 28 సెప్టెంబర్

అన్నా, దురదృష్టం కాదనడానికి ఒక్క అంకె చాలు. ఈ ఏడాది తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఎనిమిది అయ్యేసరికి మనం వెనకబడి ఉన్న మ్యాచులు 70. అందులో గెలిచినవి సున్నా. ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. పోయిన ఏడాది ఇదే అలాన్సో ఇదే మిల్వాకీలో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగుల హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టి సిరీస్ గెలిపించాడు. 2024 జట్టుకి ఆఖరి అవుట్ దాకా ఊపిరి ఉండేది. అంతకన్నా ఎక్కువ డబ్బు పోసి కట్టిన ఈ జట్టుకి అది లేకపోయింది.

బ్రాంక్స్ బాబాయి | 28 సెప్టెంబర్

నేను న్యూయార్క్‌లోని ఇంకో జట్టు యాంకీస్ మనిషినని మీకు తెలుసు. ఈ రాత్రి మాత్రం మీతోనే బాధపడుతున్నాను. మా వాళ్లు కూడా 2009 తర్వాత కప్పు ముట్టుకోలేదు. డబ్బుండీ గెలవని జట్టుని ఏళ్ల తరబడి చూడటమంటే ఏమిటో నాకు తెలుసు. పోయిన ఏడాది మా దగ్గర ఆడిన బ్యాటర్ హువాన్ సోటో మా దగ్గరే ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మా వాళ్లు 76 కోట్ల డాలర్లు ఇస్తామన్నారని వార్తలు వచ్చాయి. మీ ఓనర్ కోహెన్ 76.5 కోట్లు ఇచ్చాడు.

కొత్తగా చూస్తున్నా | 29 సెప్టెంబర్

హైదరాబాద్ నుంచి. అర్ధరాత్రి దాటాక మొదలైన మ్యాచ్‌ని పూర్తిగా చూశాను, ఇవాళ ఆఫీసులో కళ్లు మూతలు పడుతున్నాయి. ఒక సందేహం. ఐపీఎల్‌లో ప్రతి ఫ్రాంచైజీకి ఇంతే ఖర్చు పెట్టాలని పర్స్ ఉంటుంది కదా, 2025 వేలానికి 120 కోట్ల రూపాయలు. బేస్‌బాల్‌లో అలాంటి హద్దు లేదా? ఒక్క ఆటగాడికి 76.5 కోట్ల డాలర్లంటే మన డబ్బుల్లో ఆరువేల కోట్లకు పైమాటే. మరి చిన్న జట్లు ఎలా తట్టుకుంటున్నాయి?

ఎడిసన్ లెక్కలు | 29 సెప్టెంబర్

మంచి ప్రశ్న తమ్ముడూ. గట్టి హద్దు లేదు. లగ్జరీ ట్యాక్స్ అని ఒకటుంది. ఈ ఏడాది జీతాల మొత్తం 24.1 కోట్ల డాలర్లు దాటితే పన్ను మొదలవుతుంది. పై మెట్టు 30.1 కోట్లు. దాన్ని ‘కోహెన్ ట్యాక్స్’ అని అందరూ అంటారు, ఎందుకంటే మన ఓనర్ వచ్చాకే ఆ మెట్టు పెట్టారు. వరసగా మూడో ఏడాదో ఆపైనో గీత దాటుతున్న జట్టుకి ఆ పై మెట్టు మీద పన్ను 110 శాతం. అంటే ఆ మెట్టు దాటాక ఆటగాడికి ఒక డాలర్ ఇస్తే లీగ్‌కి ఇంకో డాలర్ పది సెంట్లు కట్టాలి. 2023లో ఇలా కట్టిన పన్నే 10 కోట్ల డాలర్లు దాటింది. ఆ సీజన్లో మనం 75–87, డివిజన్‌లో నాలుగో స్థానం.

సోటో ఒప్పందం 15 ఏళ్లకి. ఏడాదికి 5.1 కోట్లు పడుతుంది. వాయిదా వేసి తర్వాత ఇచ్చే సొమ్ము అందులో లేదు.

ఇక చిన్న జట్ల సంగతి. ఈ ఏడాది 97 గెలుపులతో లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచింది మిల్వాకీ బ్రూవర్స్. వాళ్ల జీతాల పట్టీ మనదాంట్లో మూడో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. నిన్న మనల్ని ఇంటికి పంపిన మార్లిన్స్ లీగ్‌లో అతి తక్కువ ఖర్చు పెట్టే జట్లలో ఒకటి.

కొత్తగా చూస్తున్నా | 29 సెప్టెంబర్

అర్థమైంది అన్నా. మాకు లక్నో జట్టు గుర్తొచ్చింది. 27 కోట్లు పెట్టి పంత్‌ని కొన్నారు, ఏడో స్థానంలో ఆగారు.

గుంటూరు టు క్వీన్స్ | 29 సెప్టెంబర్

మీరంతా లెక్కలు చెబుతున్నారు. నాకు కడుపు మండిపోతోంది. కోహెన్ ఇవాళ అభిమానులకి క్షమాపణ చెప్పాడు. మీరు వచ్చి మీ వంతు చేశారు, మేము మా వంతు చేయలేదు అన్నాడు. చెప్పడం మంచిదే, చాలామంది ఓనర్లు ఆ మాట కూడా అనరు. కానీ ఈ ఏడాది మన స్టేడియం సిటీ ఫీల్డ్‌కి వచ్చినవాళ్లు 30 లక్షలు దాటారు. ఆ జనంలో పిల్లల్ని భుజాన ఎక్కించుకుని వచ్చినవాళ్లున్నారు, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లున్నారు. వాళ్లకి ఆగస్టులో, సెప్టెంబర్‌లో ఏం చూపించారు?

నా మట్టుకు నాకు మొదటి దోషి సోటోనే. అంత తీసుకున్నవాడు మే నెలాఖరు దాకా నిద్రపోయాడు. పరుగెత్తాల్సిన చోట నడిచాడు.

ఫ్లషింగ్ అక్క | 29 సెప్టెంబర్

తమ్ముడూ, సోటో మీద కోపం న్యాయం కాదు. ఏప్రిల్, మే నెలల్లో తడబడ్డ మాట నిజం. తర్వాత చూడు. జూన్‌లో నేషనల్ లీగ్ ‘ప్లేయర్ ఆఫ్ ది మంత్’. సీజన్ మొత్తానికి 43 హోమ్ రన్లు, 105 పరుగులు రాబట్టాడు, 38 బేస్‌లు దొంగిలించాడు (ఎవరూ బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరాడు). వేగం లేదని అందరూ అన్న మనిషి 38 స్టీల్స్ చేశాడు! లిండోర్ కూడా 30 హోమ్ రన్లు, 30 స్టీల్స్ దాటాడు. అలాన్సో 38 హోమ్ రన్లు కొట్టి 126 పరుగులు రాబట్టాడు. ఆగస్టు 12న డారిల్ స్ట్రాబెర్రీ రికార్డ్ దాటి మెట్స్ చరిత్రలోనే ఎక్కువ హోమ్ రన్లు కొట్టినవాడయ్యాడు. ముగ్గురు పెద్ద బ్యాటర్లు తమ పని చేశారు. జట్టు మునిగింది బ్యాట్ వల్ల కాదు.

నేను సెప్టెంబర్ 21న స్టేడియంలోనే ఉన్నాను. ఆదివారం కదా, బౌన్ స్ట్రీట్ గణేశుడి గుడిలో దర్శనం చేసుకుని, కింద క్యాంటీన్‌లో దోశలు తిని, మా అబ్బాయిని తీసుకుని వెళ్లాను. ప్రత్యర్థి నేషనల్స్, డివిజన్‌లో ఆఖరి స్థానం. వాళ్ల సెంటర్ ఫీల్డర్ జేకబ్ యంగ్ గోడ దగ్గర బంతిని జారవిడిచి, అది నేలని తాకేలోపు కాలితో పైకి తన్ని, మళ్లీ పట్టుకున్నాడు. మా అబ్బాయి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అంతటితో ఆగలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మన అల్వారెజ్ కొట్టింది హోమ్ రనే అనుకుని స్టేడియం లేచి నిలబడితే, అదే యంగ్ గోడ మీదికి ఎగిరి లాక్కున్నాడు. 3–2తో ఓడిపోయాం.

ఆ కుర్రాడి జీతం సోటో జీతంలో ఏ మూలకీ రాదు. ఆఖరి స్థానంలో ఉన్నా, పోయేదీ వచ్చేదీ ఏమీ లేకపోయినా, ప్రతి బంతి వెనకా ప్రాణం పెట్టి పరుగెత్తాడు. ప్లేఆఫ్స్ కోసం మన వాళ్లు గెలవాల్సిన మ్యాచ్‌లో వాడి ఆట చూసి నేను చప్పట్లు కొట్టాను. నాకు ఈ సీజన్లో అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

సెవెన్ ట్రైన్ | 29 సెప్టెంబర్

అక్కా, ఆ మ్యాచ్ నేను రేడియోలో విన్నాను. అల్వారెజ్ బంతికి కామెంటరీ గొంతు లేచి చప్పున ఆగిపోయింది. అది చాలు, చూడకపోయినా అర్థమైపోయింది.

అసలు జబ్బు పిచ్చింగ్, అంటే మన బౌలింగ్. జూన్ 12నే మొదలైంది. ఆ రోజు మన పిచ్చర్ సెంగా బాగా వేస్తున్నాడు, అప్పటికి అతని ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు) 1.47. ఫస్ట్ బేస్ కవర్ చేయడానికి పరుగెత్తాడు, అలాన్సో విసిరిన బంతి ఎత్తుగా వచ్చింది, ఎగిరి అందుకున్నాడు, దిగేటప్పుడు తొడ కండరం పట్టేసింది. తిరిగొచ్చాక ఆ సెంగా కాదు. సెప్టెంబర్‌కల్లా సిరక్యూస్‌కి, కింది స్థాయి జట్టుకి పంపాల్సి వచ్చింది. జూన్ నెలాఖరులో కానింగ్‌కి మడమ నరం తెగింది. మెగిల్ మోచెయ్యి పోయింది. ఏడున్నర కోట్లకి మూడేళ్ల ఒప్పందం ఇచ్చిన మనాయా గాయంతో సగం సీజన్ బయటే ఉన్నాడు, వచ్చాక పరుగులు ఇచ్చుకుంటూ పోయాడు. 3.4 కోట్లకి తెచ్చిన మాంటాస్ ఎందుకూ పనికి రాలేదు, చివరికి అతని మోచెయ్యి కూడా పోయింది.

దాంతో రెండు నెలలపాటు ఆరు ఇన్నింగ్స్ పూర్తిగా వేసిన స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్) దాదాపు డేవిడ్ పీటర్సన్ ఒక్కడే. మిగతావాళ్లు నాలుగు, నాలుగున్నర వేసి దిగిపోతే రోజూ బుల్‌పెన్ (తర్వాత దిగే పిచ్చర్లు) ఐదు ఇన్నింగ్స్ మోయాలి. జూలైకి వాళ్ల చేతులు అరిగిపోయాయి. సెప్టెంబర్‌లో ఎనిమిది మ్యాచులు వరసగా ఓడిపోవడం ఎక్కడి నుంచో ఊడిపడలేదు. ఆ నిన్నటి మ్యాచ్‌కి కూడా, సీజన్ మొత్తం ఆధారపడిన మ్యాచ్‌కి, మొదట బంతి అందుకున్నది మనాయా. అంతకన్నా నమ్మకమైన చెయ్యి మిగల్లేదు.

డాలస్ రేంజర్ | 30 సెప్టెంబర్

నేను టెక్సస్ అభిమానిని, ఫ్రిస్కోలో ఉంటాను. బయటినుంచి చూసేవాడిగా ఒక మాట. స్టార్టర్లని కొనడం కూడా జూదమే. మా వాళ్లు మీ దగ్గర్నుంచి డీగ్రామ్‌ని 18.5 కోట్లకి తెచ్చుకున్నారు. మొదటి రెండేళ్లు దాదాపు ఆసుపత్రిలోనే గడిచాయి. ఈ ఏడాది బాగా వేశాడు. ఆరిజోనా 21 కోట్లు పెట్టి కార్బిన్ బర్న్స్‌ని తెచ్చుకుంది, జూన్‌లో అతని మోచేతికి టామీ జాన్ సర్జరీ అయింది. అందుకని మీ జట్టుని కూర్చే అధికారి స్టెర్న్స్ పిచ్చర్లకి పెద్ద ఒప్పందాలు ఇవ్వనంటే తప్పనలేను.

2023 మీకు గుర్తుండే ఉంటుంది. షెర్జర్, వెర్లాండర్ ఇద్దరికీ ఏడాదికి నాలుగు కోట్లకు పైగా. ఆగస్టు 1కల్లా ఇద్దర్నీ వదిలించుకున్నారు. షెర్జర్ మా దగ్గరికి వచ్చాడు, జీతంలో ఎక్కువ భాగం మీరే కట్టారు, ఆ ఏడాది కప్పు మేం కొట్టాం.

గుంటూరు టు క్వీన్స్ | 30 సెప్టెంబర్

డాలస్ గారూ, కప్పు గెలిచినవాళ్లు ఏం మాట్లాడినా బాగానే ఉంటుంది. కానీ బర్న్స్‌ని చూపించి ఫ్రీడ్‌ని వదిలేస్తే ఎలా? మాక్స్ ఫ్రీడ్‌ని యాంకీస్ 21.8 కోట్లకి తీసుకుంది. 19 మ్యాచులు గెలిపించాడు. అదే సమయంలో మనం బుల్‌పెన్‌లో వేసే క్లే హోమ్స్‌ని తెచ్చి స్టార్టర్‌గా మార్చాం. హోమ్స్ మీద నాకు కోపం లేదు, తను ఇచ్చిన పనికన్నా ఎక్కువే చేశాడు. కానీ బ్యాటర్‌కి 76.5 కోట్లు ఇవ్వగలిగిన జట్టు, పిచ్చర్ దగ్గరికొచ్చేసరికి బేరాలాడటం ఏమిటి?

బ్రాంక్స్ బాబాయి | 30 సెప్టెంబర్

ఫ్రీడ్ విషయంలో మాత్రం మేం అదృష్టవంతులం. ఒప్పుకుంటాను.

ఎడిసన్ లెక్కలు | 30 సెప్టెంబర్

జూలై నెలాఖరు ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) గడువు గురించి కూడా మాట్లాడాలి. స్టార్టర్లు లేరని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అయినా ఒక్క స్టార్టర్‌ని తీసుకోలేదు. హెల్స్‌లీ, టైలర్ రోజర్స్, గ్రెగరీ సోటో అని ముగ్గురు రిలీవర్లు (బుల్‌పెన్ పిచ్చర్లు), సెంటర్ ఫీల్డ్‌కి ముల్లిన్స్. హెల్స్‌లీ ఈఆర్ఏ మన దగ్గరికి వచ్చాక 7 దాటింది. ముల్లిన్స్ బ్యాటింగ్ సగటు .182, అంటే పదిసార్లకి రెండుసార్లు కూడా హిట్ లేదు.

ఆఖరికి మనకి నిలబడినవాడెవరు? ఆగస్టు 16న మొదటిసారి మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన నోలన్ మెక్‌లీన్. ఎనిమిది మ్యాచులు వేశాడు, ఈఆర్ఏ 2.06. అతని జీతం లీగ్ ఇచ్చే కనీస జీతం. ఈ కుర్రాడిని జూలైలోనే ఎందుకు పిలవలేదన్నది నా ప్రశ్న. ఒక్క మ్యాచ్ తేడాతో పోయాం కదా. రెండు వారాలు ముందు వచ్చి ఉంటే ఆ ఒక్క గెలుపు దొరికేది కాదా?

డాలస్ రేంజర్ | 30 సెప్టెంబర్

కుర్రాళ్లని తొందరపెట్టడం కూడా మంచిది కాదండీ. సెప్టెంబర్ 12న జోనా టాంగ్‌ని మా మీద వేశారు. మొదటి ఇన్నింగ్స్ కూడా దాటలేకపోయాడు, ఆరు పరుగులు ఇచ్చాడు. 22 ఏళ్ల పిల్లాడు డగౌట్‌లో తల వంచుకుని కూర్చుంటే మాకే జాలేసింది.

షియా పాతకాపు | 1 అక్టోబర్

ఈ వేదికలో అందరికన్నా పెద్దవాణ్ణి కాబట్టి పాత సంగతులు చెప్పాలి. 2007లో 17 మ్యాచులు మిగిలి ఉండగా మనం ఏడు మ్యాచుల ఆధిక్యంలో ఉన్నాం. ఆఖరి రోజు మార్లిన్స్ మీద టామ్ గ్లావిన్ మొదటి ఇన్నింగ్స్‌లో ఒక్క అవుట్ మాత్రం తీసి ఏడు పరుగులు ఇచ్చాడు. 8–1. ఇంటికి. మర్నాటి ఏడాది, 2008, మన పాత షియా స్టేడియంలో ఆఖరి మ్యాచ్. మళ్లీ మార్లిన్స్. 4–2. మళ్లీ ఇంటికి. ఆ సాయంత్రం పాత ఆటగాళ్లందరినీ పిలిచి స్టేడియానికి వీడ్కోలు చెప్పారు. ఓడిపోయిన జట్టు అభిమానులు ఎవరూ కదలకుండా కూర్చుని చూశారు. ఇప్పుడు 2025. మూడోసారి, అదే జట్టు, అదే ఆఖరి రోజు.

ఖర్చుపెట్టి ఓడిపోవడం కూడా మనకి కొత్త కాదు. 1992 సీజన్‌కి ముందు బాబీ బొనీయాకి 2.9 కోట్లు ఇచ్చారు, ఆనాటికి అది అతి పెద్ద ఒప్పందం. ఆ సీజన్లో 72–90. తర్వాత మళ్లీ మన జట్టులోకి వచ్చి, 2000లో వెళ్లిపోయినప్పుడు ఆయనకివ్వాల్సిన సొమ్ముని వాయిదా వేసి, 2011 నుంచి 2035 దాకా ప్రతి జూలై 1న 11.9 లక్షల డాలర్లు ఇస్తున్నారు. మా తరంవాళ్లకి ఆ తేదీ వస్తే మనసు చివుక్కుమంటుంది.

జట్టు పాత ఓనర్లు విల్పాన్ కుటుంబం చేతుల్లో ఉన్నప్పుడు, ముఖ్యంగా వాళ్లు చిక్కుకున్న మేడాఫ్ పెట్టుబడుల కుంభకోణం తర్వాత, ప్రతి డాలర్‌కీ వెతుక్కునే జట్టుని చూశాం. న్యూయార్క్ లాంటి నగరంలో ఉండి చిల్లర లెక్కపెట్టేవాళ్లు. అందుకే 2020లో కోహెన్ కొన్నప్పుడు పండగ చేసుకున్నాం. నేను ఇప్పటికీ ఆయన వైపే. ఖర్చుపెట్టే ఓనర్‌ని తిట్టి పంపేస్తే మళ్లీ ఎవరొస్తారో ఆలోచించండి. ఆయన డబ్బు ఇస్తున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ల దగ్గరే లోపం ఉంది.

ఫ్లషింగ్ అక్క | 1 అక్టోబర్

పాతకాపు గారూ, మీరన్నది అక్షరాలా నిజం. 1986 తర్వాత కప్పు చూడని అభిమానులకి ఓనర్ జేబు ఒక్కటే ఆశ అయిపోకూడదు.

సెవెన్ ట్రైన్ | 3 అక్టోబర్

పిచ్చింగ్ కోచ్ హెఫ్నర్‌ని, హిట్టింగ్ కోచ్‌లు చావెజ్, బార్న్స్‌ని తీసేశారు. మేనేజర్ మెండోజా ఉంటాడట. పరుగులు ఇవ్వకుండా ఆపడంలో విఫలమయ్యామని స్టెర్న్స్ అంటున్నాడు. రోగం కనిపెట్టాడు, సంతోషం. హెఫ్నర్ వెళ్లిపోవడం మాత్రం నాకు నచ్చలేదు. వేసేవాళ్లందరూ గాయాలపాలైతే కోచ్ ఏం చేస్తాడు?

గుంటూరు టు క్వీన్స్ | 3 అక్టోబర్

మెండోజాని ఉంచడమే నాకు అర్థం కాలేదు. ఏడు, మళ్లీ ఏడు, మళ్లీ ఎనిమిది. ఒకే సీజన్లో మూడుసార్లు అన్నేసి మ్యాచులు వరసగా ఓడిన జట్టుని ఎవరైనా ఒకరు గట్టిగా అదిలించాలి కదా.

ఎడిసన్ లెక్కలు | 2 నవంబర్

ఫైనల్, అదే వరల్డ్ సిరీస్, చూశారా? లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ వరసగా రెండోసారి గెలిచింది. టొరంటోలో ఏడో మ్యాచ్, పదకొండు ఇన్నింగ్స్, 5–4. మనకన్నా పెద్ద జీతాల పట్టీ ఉన్న ఒకే ఒక్క జట్టు అది. అంటే డబ్బు పెడితే గెలవరన్న మాట తప్పు.

నన్ను తొలిచేస్తున్నది వాళ్ల పిచ్చర్ యమమోటో. ఆరో మ్యాచ్‌లో స్టార్టర్‌గా వేసి, మర్నాడే ఏడో మ్యాచ్‌లో మళ్లీ వచ్చి ముగించాడు. సిరీస్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు. 2023 డిసెంబర్‌లో ఇదే యమమోటోకి మన వాళ్లు 12 ఏళ్లకి 32.5 కోట్లు ఇస్తామన్నారు. కోహెన్ జపాన్ వెళ్లి కలిశాడు, తన ఇంట్లో భోజనం పెట్టాడు. డాడ్జర్స్ అంతే మొత్తం ఇస్తామంది, అతను అక్కడికి వెళ్లాడు. డబ్బు సమానమైనప్పుడు ఆటగాడు ఏం చూస్తాడు? ఏటేటా అక్టోబర్‌లో, అంటే ప్లేఆఫ్స్‌లో, ఆడే జట్టునీ, పిచ్చర్లని బాగు చేసే మనుషుల్నీ చూస్తాడు. మనం ఇంకా సంపాదించుకోవాల్సింది ఆ పేరే.

షియా పాతకాపు | 2 నవంబర్

సరిగ్గా చెప్పారు. కింది స్థాయి జట్ల మీద, డాక్టర్ల మీద, పిచ్చింగ్ ల్యాబ్ మీద పెట్టే ఖర్చుకి పన్ను లేదు. ఎంతైనా పెట్టుకోవచ్చు. మెక్‌లీన్ అలా వచ్చినవాడే. ఇంకో ఇద్దరు మెక్‌లీన్‌లు దొరికితే మనాయాలు, మాంటాస్‌ల మీద పది కోట్లు పోయాల్సిన పని ఉండదు.

గుంటూరు టు క్వీన్స్ | 24 నవంబర్

మన నిమ్మోని టెక్సస్‌కి ఇచ్చేశారు. బదులుగా సెమియెన్ వస్తున్నాడు. డాలస్ గారూ, నిమ్మోని బాగా చూసుకోండి. వాక్ (నడిచి వెళ్లినా సరిపోయే ఉచిత బేస్) వచ్చినా ఫస్ట్ బేస్‌కి పరుగెత్తుకుంటూ వెళ్లే మనిషి.

డాలస్ రేంజర్ | 24 నవంబర్

తప్పకుండా. సెమియెన్ కూడా రత్నమండీ. బ్యాట్ కాస్త తగ్గింది గానీ సెకండ్ బేస్‌లో బంతి దాటనివ్వడు.

ఫ్లషింగ్ అక్క | 10 డిసెంబర్

నిన్న మ్యాచులు ముగించే మన పిచ్చర్ డియాజ్ డాడ్జర్స్‌కి వెళ్లాడు, మూడేళ్లు, 6.9 కోట్లు. ఇవాళ అలాన్సో బాల్టిమోర్‌కి, ఐదేళ్లు, 15.5 కోట్లు. పొద్దుటి నుంచి మా అబ్బాయి ఏమీ తినలేదు. వాడికి మెట్స్ అంటే అలాన్సోనే. 2023లో అన్ని జీతాల మధ్య జట్టు కూలిపోయినప్పుడు కూడా 46 హోమ్ రన్లు కొట్టి చూసేవాళ్లకి టీవీ పెట్టుకోవడానికి ఒక కారణం ఇచ్చినవాడు.

31 ఏళ్ల ఫస్ట్ బేస్‌మన్‌కి ఐదేళ్లు ఎక్కువని లెక్కలు చెబుతాయేమో. ఫీల్డింగ్‌లో లోపాలున్నాయి, సెంగా గాయం నాటి విసురు కూడా అతనిదే. అవన్నీ ఒప్పుకుంటాను. అయినా ఈ జట్టులోనే పుట్టి పెరిగి, హోమ్ రన్ల రికార్డ్ తన పేరున రాసుకున్న మనిషిని ఆపలేకపోవడం అన్యాయం. ఏడాదికి 3.1 కోట్లు కోహెన్‌కి ఒక లెక్కా?

ఎడిసన్ లెక్కలు | 10 డిసెంబర్

అక్కా, పన్నుతో కలిపితే ఆ 3.1 కోట్లు 6.5 కోట్లు అవుతుంది. దాంతో ఇద్దరు మంచి స్టార్టర్లు వస్తారు. వాళ్లని తెస్తే స్టెర్న్స్ చేసింది సరే అంటాను. తేకపోతే మీరు చెప్పిందే నిజం.

సెవెన్ ట్రైన్ | 11 డిసెంబర్

నేను ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు కోపంతో రాశాను, ఇప్పుడు భయంతో రాస్తున్నాను. నిమ్మో లేడు, డియాజ్ లేడు, అలాన్సో లేడు. 2024లో మనల్ని డాడ్జర్స్‌తో ఆరో మ్యాచ్ దాకా తీసుకెళ్లిన జట్టులో మనసుకి దగ్గరైనవాళ్లు ముగ్గురు ఒక్క మూడు వారాల్లో పోయారు. ఒక్క స్టార్టర్ ఇంకా రాలేదు. లిండోర్, సోటో ఇద్దరే మొత్తం మోయాలా?

నా సీజన్ టికెట్ల ప్లాన్ ఈసారికి ఆపేస్తున్నాను. ముందు వరసలో పేరున్న స్టార్టర్ ఒకడిని తెచ్చాక మళ్లీ ఆలోచిస్తాను.

గుంటూరు టు క్వీన్స్ | 11 డిసెంబర్

నేను కూడా ఆపేస్తున్నా అన్నా. చూడటం మానను, అది నా వల్ల కాదు. రేడియో ఉంది, టీవీ ఉంది. గేటు దగ్గర డబ్బు కట్టడం మాత్రం స్టార్టర్ వచ్చాకే.

షియా పాతకాపు | 11 డిసెంబర్

నేను కట్టేశాను. మొదటి సీజన్లో 40 గెలిచి 120 ఓడిన జట్టు ఇది. మీ ఇద్దరి మీదా నాకు కోపం లేదు, కానీ మెక్‌లీన్ వేసే రోజున నేను స్టేడియంలోనే ఉంటాను. మీకు మనసు మారితే నా పక్క సీట్లు రెండు ఖాళీగా ఉంటాయి, చెప్పండి.